ఒక్కపొద్దు ఎప్పుడు?



"పండుగ ఇయ్యాళనా, రేపా?" ఈ మధ్య మన ఇళ్లలో తరచుగా వినబడుతున్న ప్రశ్న ఇది. గోడ మీది క్యాలెండర్ ఒక తేదీ చెబుతుంది. ఫోన్‌లో చూస్తే ఇంకో తేదీ ఉంటుంది. గుడికి పోయి పూజారిని అడిగితే ఆయన మూడో మాట అంటాడు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న కొడుకు "అమ్మా, మా దగ్గర నిన్ననే అయిపోయింది" అంటాడు. ఒక్కపొద్దు ఉందామని పొద్దున్నే తలస్నానం చేసి కూర్చున్న తల్లికి ఏం చేయాలో తోచదు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఎవరి లెక్క వాళ్లు చెబుతున్నారు. ఆ లెక్కలేమిటి, మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఏ లెక్క నడుస్తున్నది, ఉపవాసం ఉండేవాళ్లు దేన్ని పట్టుకోవాలి అన్నది ఈ రోజు చెప్పుకుందాం.

కొండగట్టు అంజన్న నుంచే మొదలుపెడదాం. చైత్ర పున్నమి నాడు జగిత్యాల దారి పొడవునా కాషాయం కట్టిన దీక్షాపరులు నడుచుకుంటూ గుట్టకు చేరుకుంటారు. దాన్ని మనం చిన్న జయంతి అంటాం. ఆ తరువాత నలభై రోజులకు వైశాఖ బహుళ దశమి వస్తుంది. అది పెద్ద జయంతి. నలభై ఒక్క రోజుల దీక్ష పట్టినవాళ్లు ఆనాడు గుట్ట మీదే మాల విరమిస్తారు. ఎగువన మహారాష్ట్రలోనూ ఉత్తరాదిలోనూ చైత్ర పున్నమి ఒక్కటే హనుమజ్జయంతి. తమిళనాడుకు పోతే ఈ రెండూ కావు. అక్కడ మార్గళి నెలలో, అంటే డిసెంబరు, జనవరి నెలల మధ్య, మూలా నక్షత్రంతో కూడిన అమావాస్య నాడు జరుపుకుంటారు. ఒకే దేవుడికి మూడు జన్మదినాలేమిటని ఎవరైనా అడిగితే చిన్నబుచ్చుకోనక్కర లేదు. మూడు ప్రాంతాలు, మూడు సంప్రదాయాలు. కొండగట్టు గొప్పతనమేమిటంటే అందులో రెండింటిని ఒకే గుట్ట మీద నిలబెట్టుకున్నది.

తెలుగువాళ్లది చాంద్రమానం. చంద్రుణ్ని బట్టి నెల లెక్క. అమావాస్య వెళ్లిన మరునాడు పాడ్యమితో నెల మొదలై మళ్లీ అమావాస్యతో ముగుస్తుంది. మరాఠీవాళ్లదీ కన్నడిగులదీ ఇదే పద్ధతి. అందుకే మన ఉగాది నాడే సరిహద్దు అవతల గుడిపడ్వా. ఉత్తరాదివాళ్లు కూడా చంద్రుణ్నే చూస్తారు గానీ పున్నమితో నెల ముగిస్తారు. దానివల్ల శుక్లపక్షంలో మన నెల, వాళ్ల నెల ఒకటే. బహుళపక్షం వచ్చేసరికి వాళ్లు ఒక నెల ముందుంటారు. మనకు మాఘ బహుళ చతుర్దశి నాడు వచ్చే శివరాత్రి వాళ్లకు ఫాల్గుణంలో వస్తుంది. రోజు మాత్రం అదే. రామగుండం లాంటి పారిశ్రామిక పట్టణాల్లో ఉన్న శ్రోతలకు ఇది అనుభవమే. పక్క క్వార్టర్‌లో ఉండే ఉత్తరాది కుటుంబం మనకంటే పదిహేను రోజుల ముందే శ్రావణ సోమవారాలు మొదలుపెడుతుంది.

తమిళులది సౌరమానం. సూర్యుడు ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి పోయినప్పుడు వాళ్లకు నెల మారుతుంది. అందుకే వాళ్ల సంవత్సరాది దాదాపు ఎప్పుడూ ఏప్రిల్ 14 నాడే వస్తుంది, మన ఉగాదిలా మార్చికీ ఏప్రిల్‌కూ మధ్య తిరగదు. నెల సూర్యుడిది కనుక, ఆ నెలలో వచ్చే నక్షత్రాన్ని పట్టుకుని వాళ్ల పెద్ద పండుగలు చాలా వరకు ఏర్పడ్డాయి. తై నెలలో పుష్యమి, పంగుని నెలలో ఉత్తర, ఆడి నెలలో కృత్తిక. తిరువణ్ణామలై కొండ మీద వెలిగించే దీపం కార్తిక నెల కృత్తికా నక్షత్రం నాటిది. మనం మాత్రం ఎక్కువగా తిథిని పట్టుకున్నాం. చవితి అంటే వినాయకుడు, పంచమి అంటే నాగులు, అష్టమి అంటే కృష్ణుడు, ఏకాదశి అంటే విష్ణువు. శ్రీకృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళ అష్టమి. తమిళ వైష్ణవులు ఆవణి నెలలో రోహిణీ నక్షత్రం కూడా చూస్తారు. అందుకే ఒక్కొక్క ఏడు ఆ రెండు పండుగలు వేర్వేరు రోజుల్లో వస్తాయి.

అట్లాగని మన పంచాంగంలో సూర్యుడికి చోటు లేదనుకోవద్దు. సంక్రాంతి సూర్యుడిదే. ధనుర్మాసమూ సూర్యుడిదే. డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో అడుగుపెట్టింది మొదలు భోగి దాకా మన వైష్ణవాలయాల్లో తెల్లవారుజామున తిరుప్పావై పాశురాలు వినబడతాయి. ఆండాళ్ తమిళంలో పాడుకున్న ఆ ముప్పై పాశురాలను తమిళం రాని మన ఊళ్ల ఆడవాళ్లు రోజుకొకటి చొప్పున నోటికి చెబుతారు. పూజ అయ్యాక వేడివేడి పులగం ప్రసాదంగా పంచుతారు. తమిళుల పంచాంగం, మన పంచాంగం ఒకే అరుగు మీద కూర్చునే నెల అది.

ముక్కోటి ఏకాదశి కూడా ఈ నెలదే. ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి అది. సూర్యుడి నెలలో చంద్రుడి తిథి చూడాలి కనుక ఇంగ్లీషు తేదీలకు అసలు అందదు. 2024 సంవత్సరంలో ముక్కోటి ఏకాదశే రాలేదు. 2025లో రెండు సార్లు వచ్చింది, జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఇంకొకటి. ఆ రోజు ధర్మపురిలో చలి గజగజ వణికిస్తున్నా గోదావరిలో మునిగి, తడిబట్టలతోనే ఉత్తర ద్వారం ముందు నిలబడి నరసింహస్వామి దర్శనం కోసం ఎదురుచూసేవాళ్లు వేల మంది ఉంటారు.

ఇక అసలు చిక్కు తిథిలో ఉంది. తిథి అంటే రోజు అనుకుంటాం, కానీ కాదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం తిథి. చంద్రుడి నడక ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు. ఒకసారి వేగం, ఒకసారి నెమ్మది. కాబట్టి తిథి కూడా ఒకప్పుడు 20 గంటల్లోనే అయిపోతుంది, ఒకప్పుడు 27 గంటలకు దగ్గరగా సాగుతుంది. పొద్దున ఏడు గంటలకు మొదలవవచ్చు, నడిరాత్రి ముగియవచ్చు. ఒక సూర్యోదయానికీ ఇంకో సూర్యోదయానికీ నడుమ పుట్టి ముగిసిపోయిన తిథిని క్షయతిథి అంటాం. రెండు సూర్యోదయాలను తాకితే వృద్ధితిథి. పంచాంగంలో ఏకాదశి రెండు రోజులు కనబడడానికీ, ఒక్కోసారి పాడ్యమి మాయమై విదియ రావడానికీ కారణం ఇదే.

సూర్యోదయమేమో ఊరూరికీ మారుతుంది. మన గడియారాలు 82న్నర డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. కరీంనగర్ దానికి పడమరన ఉంది, ఆదిలాబాద్ ఇంకా పడమరన ఉంది. చెన్నై మనకంటే తూర్పునా, బాగా దక్షిణానా ఉంది. డిసెంబరులో ఆదిలాబాద్‌లో పొద్దు పొడిచేది చెన్నై తరువాత దాదాపు ఇరవై నిమిషాలకు. అదే జూన్ నెలలో చెన్నై కంటే కొద్ది నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది. ఏడాది పొడవునా ఒకే తేడా కూడా ఉండదు. ఆ ఇరవై నిమిషాల్లో దశమి పోయి ఏకాదశి వచ్చిందనుకోండి, చెన్నైవాళ్ల సూర్యోదయానికి దశమి, మన సూర్యోదయానికి ఏకాదశి. ఇద్దరూ ఒకే తిథిని చూస్తున్నారు, ఇద్దరికీ ఉపవాసం వేర్వేరు రోజు. ఎక్కడో అచ్చయిన క్యాలెండర్ మన ఊరికి అన్ని వేళలా సరిపోకపోవడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం గణితం. సూర్యసిద్ధాంతం నాటి సూత్రాలతో లెక్కకట్టే పూర్వపద్ధతి ఒకటి. ఆకాశంలో గ్రహాలు ఇవాళ ఉన్న చోటును బట్టి లెక్కకట్టే దృగ్గణితం ఇంకొకటి. తమిళులు ఈ రెండింటినీ వాక్యం, తిరుక్కణితం అంటారు. రెండింటి నడుమ తిథి ముగిసే సమయంలో కొన్ని గంటల తేడా వస్తుంది. దేశమంతటా ఇట్లా ముప్పై దాకా పంచాంగ పద్ధతులు నడుస్తున్నాయని గమనించి 1952లో కేంద్ర ప్రభుత్వం మేఘనాద్ సాహా అధ్యక్షతన ఒక సంఘం వేసింది. 1955లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1957 మార్చి 22 నుంచి శాలివాహన శక సంవత్సరంతో జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ రేడియోలో తేదీ చెప్పేటప్పుడు శకాబ్దం మాట వినే ఉంటారు. మన దగ్గర కొన్నేళ్లుగా తెలంగాణ విద్వత్సభ పండితులు కూడి ఏడాది పండుగల తేదీలు ముందే ప్రకటిస్తున్నారు. అది మేలైన పని.

ఇప్పుడు ఉపవాసం ఉండేవాళ్లకు అన్నింటికంటే పనికొచ్చే మాట చెబుతాను. ప్రతి పండుగకూ సూర్యోదయపు తిథే చూడాలని నియమం లేదు. ఏ పండుగకు ఏ వేళ ముఖ్యమో, ఆ వేళకు తిథి ఉండాలి. వినాయక చవితికి మధ్యాహ్నం ముఖ్యం. పగలును అయిదు భాగాలు చేస్తే నడిమి భాగంలో చవితి ఉన్న రోజే పండుగ. శ్రీరామనవమికి కూడా మధ్యాహ్నమే. దీపావళికి పొద్దుగూకే వేళ అమావాస్య ఉండాలి. ప్రదోష వ్రతానికి అదే వేళలో త్రయోదశి కావాలి. సంకటహర చతుర్థికి చంద్రుడు ఉదయించేటప్పుడు చవితి ఉండాలి. దీపావళినే చూడండి, 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం వచ్చి నవంబరు 1 సాయంత్రానికి పోయింది. 31 నాడు సాయంత్రం, రాత్రి అంతా అమావాస్యే కనుక మన దగ్గర ఆ రోజే దీపాలు పెట్టుకున్నాం. తమిళులు దీపావళికి తెల్లవారుజామున చతుర్దశి ఉండగా నూనె పెట్టుకుని తలంటి పోసుకోవడం ప్రధానమనుకుంటారు. అందుకే వాళ్ల పండుగ కొన్నిసార్లు మనకంటే ముందు రోజే అయిపోతుంది. ఈ నియమాలన్నీ నిర్ణయసింధువు, ధర్మసింధువు అనే గ్రంథాల్లో ఉన్నాయి. 1612లో కమలాకర భట్టు మొదటిది రాశాడు. 1790 ప్రాంతంలో పండరీపురానికి చెందిన కాశీనాథ ఉపాధ్యాయుడు రెండోది రాశాడు. మన పురోహితుడు పండుగ తేదీ చెప్పేటప్పుడు ఆయన వెనక ఇంత శాస్త్రం ఉందని గుర్తుంచుకోవాలి.

శివరాత్రికి నడిరాత్రి ప్రధానం. రాత్రిని పదిహేను భాగాలు చేస్తే ఎనిమిదో భాగంలో చతుర్దశి ఉండాలి. వేములవాడ పోయి చూస్తే ఈ నియమానికి ఎంత ప్రాణముందో తెలుస్తుంది. పొద్దంతా జనం ధర్మగుండంలో మునుగుతుంటారు, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తుంటారు. అదే కోడె మొక్కు. పొద్దంతా నోట్లో మెతుకు పడదు. చీకటి పడుతుంటే ఉడికించిన కందగడ్డలు, కర్బూజ ముక్కలు, ఖర్జూరాలు తిని ఒక్కపొద్దు విడుస్తారు. కొందరు అదీ ముట్టరు. రాత్రయ్యేసరికి ఆవరణలో చాపలు పరుచుకుని, ముసలివాళ్లు గోడకు ఒరిగి, పిల్లలు ఒడిలో పడుకుని, జాగారం సాగుతుంది. ఒకపక్క భజన, ఇంకోపక్క ఒగ్గుకథ. నడిరాత్రి లింగోద్భవ వేళ అభిషేకం మొదలయ్యేసరికి కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడతారు. పంచాంగంలో నిశీథం అని రాసి ఉన్న మాట అక్కడ కళ్ల ముందు నిలబడుతుంది.

ఏకాదశి సంగతి కొంచెం వేరు. ఏడాదికి ఇరవై నాలుగు ఏకాదశులు, అధికమాసం వస్తే ఇరవై ఆరు. స్మార్తులు ఒక రోజు, వైష్ణవులు మరునాడు ఉపవాసం ఉండడం అప్పుడప్పుడు చూస్తాం. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు నాటికి, దశమి ఇంకా మిగిలి ఉంటే ఆ ఏకాదశిని వైష్ణవులు ఒప్పుకోరు, ద్వాదశి నాడు ఉంటారు. ఎవరు ఏ రోజు ఉన్నా మరునాడు, ద్వాదశి ఇంకా మిగిలి ఉంటే అది దాటకముందే, పారణ చేసి ఉపవాసం విడవాలి. ఆ పారణ వేళ కూడా ఊరిని బట్టి మారుతుంది. కాబట్టి దాన్ని మన ప్రాంతపు పంచాంగంలోనే చూసుకోవాలి.

మన జనానికి ఏకాదశుల్లో పెద్దది ఆషాఢ శుద్ధ ఏకాదశి. తొలి ఏకాదశి. ఆదిలాబాద్ పల్లెల నుంచి ఆనాటికి పండరీపురం చేరుకునే విఠోబా భక్తులున్నారు. ఇంటి దగ్గర ఉండేవాళ్లకు పేలపిండి పండుగ. జొన్నలను వేడి పెనంలో వేయించుతుంటే అవి తెల్లగా పువ్వుల్లా విచ్చుకుంటాయి. చల్లారాక రోట్లో వేసి దంచి, జల్లెడ పట్టి, బెల్లం తురుము, యాలకుల పొడి కలుపుతారు. గుప్పెడు నోట్లో వేసుకుంటే మాట రాదు, పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకుంటారు. వానాకాలం మొదట్లో ఒంటికి వేడినిచ్చే తిండి అని పెద్దలు చెబుతారు. అప్పటికి పొలంలో విత్తనం పడి ఉంటుంది. ఆ ఒక్క రోజు రైతు ఇంటి పట్టున ఉంటాడు.

చాంద్రమానానికి ఒక లోటుంది. పన్నెండు చాంద్ర మాసాలు కలిపితే 354 రోజులే. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఈ తేడాను అట్లాగే వదిలేస్తే కొన్నేళ్లకు నడి ఎండాకాలంలో బతుకమ్మ ఆడుకోవాల్సి వస్తుంది. తంగేడు, గునుగు విరబూసే కాలం కాదది. అందుకే దాదాపు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకొకసారి ఒక నెల అదనంగా కలుపుతాం. అదే అధికమాసం. 2023లో శ్రావణం అధికమైంది. 2026లో జ్యేష్ఠం అధికం. 2020 సంగతి మన ఆడబిడ్డలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడు పెత్రమాస సెప్టెంబరు 17న వచ్చింది. పెద్దలకు బియ్యం ఇచ్చి ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ పేర్చడం మనకు అలవాటు. కానీ ఆశ్వయుజం అధికం కావడంతో నవరాత్రులకు ఇంకా నెల రోజులుంది. పెత్రమాసకూ దసరాకూ మధ్య ఒక నెల ఖాళీ పడింది. దసరా అక్టోబరు 25న వచ్చింది. పండుగకూ పంటకూ పూలకూ ఉన్న సంబంధం తెగకుండా కాపాడింది ఆ అదనపు నెలే.

బతుకమ్మలో మన జిల్లాల ప్రత్యేకత ఇంకొకటుంది. తెలంగాణ అంతటా సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు, దుర్గాష్టమి నాడు. వేములవాడలో మాత్రం ఏడో రోజే సద్దులు. పుట్టిల్లు ఒక చోట, అత్తిల్లు ఒక చోట ఉన్న ఆడబిడ్డ వేములవాడలో ఏడో రోజు ఆడి, తొమ్మిదో రోజుకు ఇంకో ఊరు పోయి మళ్లీ ఆడవచ్చు. ఈ సంగతి రాష్ట్రం మొత్తానికి అచ్చయ్యే క్యాలెండర్లలో సాధారణంగా దొరకదు. ఊరికి తెలుసు, ఊళ్లో ఆడవాళ్లకు తెలుసు.

ఆదిలాబాద్ వైపు పోతే ఇట్లాంటివి ఇంకెన్నో. శ్రావణ అమావాస్యను కోస్తా జిల్లాల్లో పోలాల అమావాస్య అని పిల్లల క్షేమం కోరి తల్లులు చేసే వ్రతంగా జరుపుకుంటారు. ఆదిలాబాద్‌లో అది ఎడ్ల పండుగ. పొద్దున్నే ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి, సాయంత్రం ఊరి హనుమాన్ల గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటికి తెచ్చి హారతిచ్చి, చేసిన వంట మొదట వాటికి పెట్టి, ఆ తరువాతే మనుషులు తింటారు. నాగుల పండుగ కూడా అంతే. కోస్తాలో కార్తిక శుద్ధ చవితి, మనకు శ్రావణ శుద్ధ పంచమి.

పుష్య మాసం ఆదిలాబాద్ గోండులకు పవిత్రమైన నెల. నెలవంక కనబడ్డాక మెస్రం వంశీయులు నాగోబా పూజకు కదులుతారు. తెల్లని బట్టలు కట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో అడవి దారిన నడిచి, జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి జలాన్ని ఝరి అనే పాత్రలో నింపుకుంటారు. ఆ ఝరిని అంతే భక్తితో మోసుకుంటూ వచ్చి, ఇంద్రవెల్లిలో ఇంద్రాయి దేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. తరువాత వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి చూపించే భేటింగ్. ఏ ముద్రిత పంచాంగమూ చేతిలో లేని రోజుల్లో కూడా ఈ అమావాస్య తప్పలేదు. ఆకాశాన్ని నేరుగా చూసి లెక్కపెట్టినవాళ్ల పంచాంగం అది.

జోడేఘాట్ సంగతి కూడా చెప్పాలి. 1940లో నిజాం బలగాలతో పోరాడి అక్కడ ప్రాణం విడిచిన కొమురం భీము వర్ధంతిని ఆదివాసీలు ఆశ్వయుజ పున్నమి నాడు జరుపుకుంటారు. ఇంగ్లీషు తేదీ ఏదైనా కావచ్చు, పున్నమి మాత్రం అదే. ఇంటి పెద్దకు తిథి పెట్టినట్టే తమ వీరుడికీ తిథి పెట్టుకున్నారు. ఆ పున్నమి దాటాక గూడేల్లో దండారీ పండుగ మొదలై, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరూరా ఆడి, దీపావళి వెళ్లాక కోలబోడి వేడుకతో ముగిస్తారు. గుస్సాడీ వేషం కట్టినవాడు ఆ రోజులన్నీ కఠిన నియమాలతో ఉంటాడు. అదీ ఒక దీక్షే.

సమ్మక్క సారలమ్మ జాతర చూడండి. రెండేళ్లకొకసారి మాఘ పున్నమిని ఆనుకుని వస్తుంది. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు చేరాలి, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. మేడారంలోనే కాదు, కరీంనగర్ పక్కన రేకుర్తిలోనూ ఇదే వరుస. తిథితో పాటు వారం కూడా కలిసి రావాలి కనుక కొన్నిసార్లు పున్నమి జాతర మధ్యలో పడుతుంది, కొన్నిసార్లు జాతర ముగిశాక వస్తుంది. పుష్కరాలకేమో గురుగ్రహం కదలాలి. గురువు సింహంలోకి వస్తే గోదావరికి, మీనంలోకి వస్తే ప్రాణహితకు, మిథునంలోకి వస్తే సరస్వతికి. 2015 జూలైలో ధర్మపురి, బాసర, కాళేశ్వరం ఘాట్లు జనంతో కిక్కిరిసిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహితకు, 2025 మేలో కాళేశ్వరం దగ్గర సరస్వతికి పుష్కరాలు జరిగాయి. మళ్లీ గోదావరి వంతు 2027లో.

అట్లా సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం, వారం, గురువు అన్నీ మన జిల్లాల పండుగల్లో ఉన్నాయి. అయ్యప్ప దీక్షది సూర్యుడి లెక్క. నవంబరు నడుమ వృశ్చికం మొదలైన నాటి నుంచి మండలం, మకర సంక్రాంతికి జ్యోతి. అంజన్న దీక్షది చంద్రుడి లెక్క. ఈ రెండు మాలలూ ఒకే ఇంట్లో అన్న ఒకటి, తమ్ముడు ఒకటి వేసుకుంటారు. వంట చేసే తల్లికి రెండు లెక్కలూ నోటికి వచ్చు. తమిళుల లెక్క వేరని, ఉత్తరాదివాళ్ల లెక్క వేరని మనం గొడవపడాల్సిన పనేమీ లేదని ఆ తల్లే మనకు నేర్పుతున్నది. ఎవరి లెక్క వాళ్లదని తెలుసుకోవడం ఒక మర్యాద. మన లెక్క మనం మరిచిపోకుండా ఉండడం ఒక బాధ్యత.

ఆరోగ్యం గురించి ఒక్క మాట. ఏకాదశి ఉపవాసం ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు, ఎనభై లోపువాళ్లకే అని శాస్త్రం చెప్పింది. పసిపిల్లలను, ముసలివాళ్లను, రోగులను అది బలవంతపెట్టలేదు. షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా నీళ్లు కూడా మానేసి కూర్చోవద్దు. పండ్లు, పాలు తీసుకున్నా ఒక్కపొద్దు ఒక్కపొద్దే. మందు వేసుకుంటే వ్రతం చెడదు.

చివరగా మీకు నా మనవి. వచ్చే ఉగాదికి పంచాంగం కొనేటప్పుడు మన రేఖాంశానికి, మన ప్రాంతపు సూర్యోదయానికి లెక్కకట్టినది చూసి తీసుకోండి. ఫోన్‌లో చూసేవాళ్లు అందులో ఊరి పేరు కరీంనగర్ అనో ఆదిలాబాద్ అనో మార్చుకోండి. రెండు తేదీలు కనబడితే ఏ వేళకు ఏ తిథి ఉండాలో మీ పురోహితుణ్ని అడగండి, మీ ఊరి గుడి ఏ రోజు చేస్తే ఆ రోజు చేయండి. అన్నింటికంటే ముఖ్యం, ఆ పంచాంగం అంచుల్లో మీ ఇంటి పెద్దల తిథులు, మీ ఊరి జాతర, మీ వాడకట్టులో సద్దులు ఏ రోజో సిరాతో రాసి పెట్టండి. పిల్లల చేత చదివించండి. అచ్చులో దొరకని మన పండుగలు అట్లా రాసుకుంటేనే రేపటి వాళ్లకు మిగులుతాయి.